బాయిలరు గోడ మీద చెరిగే మనిషి

పులుసు దించి, అదే పొయ్యి మీద గిన్నెడు నీళ్ళు పెట్టి, అందులో ఎర్రరంగు డబ్బా నిలబెట్టాను. చలికి రంగు గట్టిపడి బల్బుకి సరిగ్గా పట్టడం లేదు. వంటింట్లో ఒక మూల చేపల పులుసు వాసన, ఇంకో మూల రంగు వాసన. మా అత్తగారు ఎలీసమ్మ గుమ్మంలో కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ నా వేళ్ళకేసి చూశారు. "ఈ చేతి కూడు ఇన్నేళ్ళు తిన్నాను గదా, ఏదో ఒకనాడు నా పొట్ట కూడా ఎరుపూ పచ్చా ఎలిగి ఆరతాది చూడు," అన్నారు. ఆవిడ అనే మాటలు తిట్లో వేళాకోళమో పెళ్ళైన కొత్తలో నాకు తెలిసేది కాదు. ఇప్పుడు తెలుసు, రెండూను.

కొత్తపేట సెంటర్లో మా ఆయన కొట్టు ఉంది. 'జోజి లైటింగ్స్' అని బోర్డు. పెళ్ళిళ్ళకీ, జాతరలకీ తీర్థాలకీ, క్రిస్మస్‌కీ సీరియల్ బల్బులతో బొమ్మలు కడతాం. నేను 'కడతాం' అంటాను గానీ ఊళ్ళో అందరూ 'జోజి కడతాడు' అనే అంటారు. ఆయన పని మాట్లాడుకొస్తారు, వెదురు బద్దలు వంచి ఫ్రేము బిగిస్తారు, నిచ్చెనెక్కి గోడకి తగిలిస్తారు. తక్కినదంతా మా పెరటి అరుగు మీదే. బొమ్మ నేలమీద సుద్దతో గీసేది నేను. బల్బులు రంగులో ముంచి ఆరబెట్టేది నేను. వైరు కొసలు పళ్ళతో ఒలిచి, మెలేసి, ఒక్కో బల్బూ బద్దకి కట్టి, వరస వెలుగుతోందో లేదో చూసేది నేను. ఆ వైర్ల మూలంగా నా ముందు పన్ను ఒకటి సగం అరిగింది. నవ్వితే కనిపిస్తుంది. అయినా నవ్వుతూనే ఉంటాను.

పెళ్ళైన నెలకే మా ఆయన ఒక వైరు చుట్ట నా ఒళ్ళో పడేసి, ఊరికే కూచోడం దేనికి సలోమీ, కాలక్షేపంగా ఉంటది అన్నారు. ఆ కాలక్షేపం ఇంకా అవుతూనే ఉంది. పెద్దమ్మాయి పురిటినొప్పులు మొదలైనప్పుడు నా చేతిలో ఉన్నది నెమలి తోక. ఆ తోక పూర్తి చేసిగానీ లేవలేదని మా అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతారు. పైగా మెచ్చుకోలుగా చెబుతారు. నొప్పులు పడుతున్న మనిషి చేతిలోంచి ఆ తోక ఎవరూ ఎందుకు తీసుకోలేదన్న సంగతి మాత్రం ఆ కథలో రాదు.

ఆ నెమలి తీర్థంలో పింఛం విప్పిందట. తరవాత ఏడాది కట్టిన రైలు పరుగెత్తిందట. 'అట' అని ఎందుకంటున్నానంటే, నేను కట్టిన బొమ్మ ఒక్కటీ వెలుగుతుండగా నేను చూడలేదు. ఇంట్లో ఒక్కో వరసా విడివిడిగా వెలిగించి చూస్తాను, అంతే. బొమ్మంతా ఒక్కచోట చేరి గోడెక్కేది తీర్థంలోనే. ఆ సాయంత్రం నేను ఇంట్లో పనివాళ్ళకి అన్నం వారుస్తుంటాను. ఆ జనంలో ఆడోళ్ళకేం పని అంటారు ఆయన. ఇంట్లో మనిషి లేకపోతే ఎలాగ అంటారు అత్తగారు. ఒకసారి గట్టిగా అడిగితే, ఏవుంది అందులో, నువ్వు కట్టిందేగా అన్నారు మా ఆయన. నేను కట్టిందే కనక చూడాలని ఉందండీ అన్నాను. ఆయన నవ్వి, సైకిలెక్కి వెళ్ళిపోయారు. ఆయన చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే ఒక్క తిట్టు తిట్టి ఊరుకుందును, నవ్వే మనిషిని ఏం చేస్తాం. ఆ కోరిక మాత్రం అరుగు మీద కూర్చున్నప్పుడల్లా నాతోపాటే కూర్చునేది. ఒక్కసారి, నేను కట్టినది మొత్తంగా వెలుగుతుంటే, దాని ఎదురుగా నిలబడి చూడాలి.

ఎనభై నాలుగులో కాశీవిశ్వనాథం గారు మా ఇంటికి వచ్చారు. పలివెల దాటాక కాలవగట్టున పాత రైసుమిల్లు ఒకటి ఉంది. దొరల కాలంలో కట్టింది. ఆకాశంలోకి పెద్ద ఇటుక పొగగొట్టం, బాయిలరు గది, వరసగా గోడౌన్లు. పడవల్లో ధాన్యం దిగేది, పడవల్లోనే బియ్యం వెళ్ళేవి. నేను స్కూలుకెళ్ళే రోజుల్లోనే మూతపడింది. ఇప్పుడు అది కాశీవిశ్వనాథం గారిది. ఆయన ఢిల్లీ వెళ్ళి, అక్కడ కోటలో దీపాలు వేసి చరిత్ర చెప్పడం చూసొచ్చారు. మన మిల్లు ఆ కోటకి ఏం తీసిపోయిందని పట్టుకుంది ఆయనకి. మిల్లుకి వందేళ్ళు నిండాయి కనక ఆరుబయట దీపాల బొమ్మల ప్రదర్శన పెడుతున్నాననీ, కోనసీమలో లైటింగ్ కట్టేవాళ్ళందరికీ తలా ఒక గోడ ఇస్తాననీ, దేవుళ్ళని తీర్థాల్లో చూస్తూనే ఉన్నాం కాబట్టి ఎవరికి తోచిన బొమ్మ వాళ్ళు కట్టాలనీ చెప్పారు. రాజోలు వాళ్ళు పొగగొట్టం తీసుకున్నారు. అమలాపురం వాళ్ళు గేటు తీసుకున్నారు. మా ఆయనకి కాలవ వైపు పెద్ద గోడౌన్ గోడ వచ్చింది. దాంతోపాటు ఎవరూ అడగని బాయిలరు గది పక్కగోడ కూడా అంటగట్టారు.

కాశీవిశ్వనాథం గారు మాట్లాడుతున్నంతసేపూ నేను అక్కడే, రెండు మూరల దూరంలో, బల్బులు ముంచుతూనే ఉన్నాను. ఇంత పని ఎవరు చేస్తారయ్యా అని ఆయన అడిగితే, కుర్రోళ్ళున్నారండి ఆయ్ అన్నారు మా ఆయన. మరి ఈ అమ్మాయో అన్నారు ఆయన నా ఎర్రటి వేళ్ళకేసి చూసి. "మా ఇంటిదండి. ఖాళీయేనండి, ఇంట్లోనే ఉంటాది," అన్నారు మా ఆయన. నాకు కోపం రావాలి. నవ్వు వచ్చింది. ఖాళీగా ఉన్న మనిషి చెయ్యి కడుక్కోవడానికి కూడా లేవలేకపోతోందే అని.

గోడౌన్ గోడకి విమానం అన్నారు మా ఆయన. మామిడికుదురు నుంచి రాజోలు దాకా ఏ ఇల్లు చూసినా ఒకరు గల్ఫ్‌లో ఉంటారు, విమానం కడితే జనం విరగబడతారని ఆయన లెక్క. నేను విమానాన్ని దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు. క్యాలెండరులో బొమ్మ చూసి గీశాను. ఆ రెండో గోడ సంగతేమిటని అడిగితే, అటకమీద పాత క్రిస్మస్ స్టారు ఒకటి పడుంది, దాన్ని దులిపి తగిలిద్దాం, ఆ మూలకి ఎవడొస్తాడు అన్నారు. ఆ గోడ నాకు వదిలెయ్యండి అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు, నోట్లోంచి వచ్చేసింది. ఆయన భుజాలు ఎగరేసి, నీ ఇష్టం, కొత్త బల్బులు మాత్రం ముట్టుకోకు అన్నారు.

మా పుట్టిల్లు ఆ మిల్లు వెనక పేటలోనే. మా అమ్మ సూరమ్మ అందులో చెరిగేది. మరపట్టిన బియ్యాన్ని చేటలోకి ఎత్తి, ఎగరేసి, తవుడు వేరు, నూక వేరు చేసే పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి జుట్టూ కనుబొమ్మలూ తవుడుతో తెల్లబడి ఉండేవి. మా నాన్న నవ్వుతూ, పొద్దున్న పడుచుపిల్లని పంపితే సాయంత్రం ముసల్దాన్ని పంపేరు మిల్లోళ్ళు అనేవాడు. మిల్లు గురించి ఎవరు మాట్లాడినా దొర పేరు చెబుతారు, ఇంజను చెబుతారు, పొగగొట్టం ఎత్తు చెబుతారు. చెరిగినవాళ్ళ మాట ఎవరూ ఎత్తరు. అందుకని గోచీ బిగించి చీర కట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టుకుని చెరిగే ఆడమనిషిని గీశాను నేను. మూడు భంగిమలు. చేట కిందికి ఉన్నది ఒకటి, చేట ఎత్తినది ఒకటి, గింజలు గాల్లో ఉన్నది ఒకటి. ఒకదాని తరవాత ఒకటి వెలిగితే మనిషి చెరుగుతున్నట్టు ఉండాలి.

బల్బులన్నీ తీర్థాల్లో రంగుపోయినవి, ఇంట్లో మిగిలిపోయినవి. వాటినే మళ్ళీ ముంచాను. మా ఆయన పక్కన నిలబడి చూసి, ఆ నడుం కాస్త సన్నం చెయ్యి సలోమీ, జాకెట్టు దగ్గర రెండు బల్బులు ఎక్కువ పెట్టు, లేపోతే ఈ ముసల్దాన్ని ఎవడు చూత్తాడు అన్నారు. మేము కట్టే సెట్టింగుల్లో ఆడబొమ్మ అంటే అంతే, బిందె ఉంటుంది, సన్నటి నడుం ఉంటుంది. సన్నటి నడుమైతే చేట లేవదండీ అన్నాను. ఆయన నవ్వేరు. అది మామూలే. నేను నడుం మార్చలేదు. అది మామూలు కాదు. ఆ బొమ్మ కడుతున్నన్నాళ్ళూ నాకు ఎంత సంతోషంగా ఉండేదంటే, అన్నం మాడినా, పిల్లలు కొట్టుకున్నా నా చెవికెక్కేది కాదు. పెళ్ళైన తరవాత నాకోసం నేను చేసుకున్న మొదటి పని అదేనని పూర్తయ్యాక గానీ తెలియలేదు.

ప్రదర్శన మొదలయ్యే రోజు పొద్దున్నే మా ఆయన, పనివాడు పేతురూ బళ్ళో ఫ్రేములు వేసుకుని వెళ్ళారు. సాయంత్రం పేతురొచ్చి కారేజీ పట్టుకెళ్తాడు, అందరికీ సరిపడా వండు అని చెప్పి మరీ వెళ్ళారు. నేను మధ్యాహ్నానికల్లా వండేశాను. కారేజీ సర్ది, తలదువ్వుకుని, పేతురు రావక్కర్లేదు, నేనే పట్టుకెళ్తానని అత్తగారికి ఎలా చెప్పాలా అని గుమ్మం దగ్గరికి వచ్చేసరికి, ఆవిడ చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని, నా పిల్లలిద్దరికీ పౌడరు రాసి, రిక్షా నూకయ్యని వాకిట్లో నిలబెట్టి ఉన్నారు.

"ఎక్కడికండీ అత్తయ్యగారూ," అన్నాను.

"మిల్లుకి. ఇన్నేళ్ళు నీ బల్బుల వాసన పీల్చేను. అవి ఎలాగ ఎలుగుతాయో చూడకుండా పోమంటావేంటి," అన్నారు ఆవిడ. ఆవిడా ఒక్కసారీ చూడలేదన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. ఇంట్లో మనిషి ఉండాలంటూ నన్ను ఆపిన మనిషి నాతోపాటే ఇంట్లో ఉండిపోయింది. రిక్షాలో ఆవిడ ఒళ్ళో చిన్నది, నా ఒళ్ళో కారేజీ, మధ్యలో పెద్దమ్మాయి. దారిపొడుగునా ఆవిడ నూకయ్యని గతుకు గతుకుకీ తిడుతూ చాలా కులాసాగా ఉన్నారు.

మేము వెళ్ళేసరికి పొద్దుగూకింది. కాలవగట్టంతా జనం. మా లైటింగ్ వాళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. బొమ్మ కట్టిన చెయ్యే మొదట స్విచ్ వెయ్యాలి. వేరే చెయ్యి పడితే బల్బులు మాడతాయని గట్టి నమ్మకం. పెద్దమనుషులొచ్చినా, ఊరి ప్రెసిడెంటొచ్చినా స్విచ్ మాత్రం కట్టినవాడిదే. కాశీవిశ్వనాథం గారు మైకులో ఒక్కొక్కరి పేరూ పిలుస్తున్నారు. రాజోలు వాళ్ళు స్విచ్ వేస్తే పొగగొట్టం చుట్టూ పాము మెలికలు తిరుగుతూ పైకెళ్ళింది. అమలాపురం వాళ్ళ గేటు మీద పడవ తెడ్డు వేసింది. నేను నోరు తెరుచుకుని చూశాను. నా చిన్నప్పుడు చీకటి పడితే ఆ మిల్లువైపు వెళ్ళడానికి భయపడేవాళ్ళం. ఇప్పుడు ఇటుకలు కూడా లెక్కపెట్టేలా ఉంది.

తరవాత మా విమానం. ఈ కదిలే బొమ్మలన్నిటి వెనకా రాగిరేకులు కొట్టిన చెక్క రోలరు ఒకటి తిరుగుతుంటుంది. ఏ రేకు తగిలితే ఆ వరస వెలుగుతుంది. వైర్లు వరస తిరగేసి కలిపితే బొమ్మ వెనక్కి నడుస్తుంది. అక్కడ వైర్లు కలిపింది మా ఆయన. స్విచ్ వేశారు, విమానం ధగధగా వెలిగి, తోక ముందు పెట్టుకుని వెనక్కి వెళ్ళడం మొదలెట్టింది. మా ఆయన మొహం చూడలేకపోయాను. అంతలో జనంలోంచి ఒకావిడ, "గల్ఫ్ నించి వచ్చేత్తందర్రా, మావోణ్ణి ఎనక్కి తెచ్చేత్తంది," అంది. అంతే, ఆడవాళ్ళంతా చప్పట్లు. మొగుడు దుబాయ్‌లో ఉన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు కూడా. ఎంత గొప్ప ఆలోచనయ్యా జోజీ అన్నారు కాశీవిశ్వనాథం గారు. "ఆయ్, అలా అనుకునే కట్టేనండి," అన్నారు మా ఆయన. నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుకున్నాను, అంతే.

చివర మిగిలింది బాయిలరు గది గోడ. ఇది కూడా జోజిదే, జోజి వచ్చి స్విచ్ వెయ్యాలని మైకులో పిలిచారు. మా ఆయన జబ్బలు చరుచుకుంటూ నడుస్తున్నారు. నా కాళ్ళు వాటంతట అవే కదిలాయి. స్విచ్‌బోర్డు దగ్గర ఆయనకి ఎదురు నిలబడ్డాను. నన్ను చూసి ఆయన తెల్లబోయారు. నువ్వెప్పుడొచ్చావు, కూడు తెచ్చేవా అన్నారు.

"తెచ్చేనండి. ఇది నేను కట్టింది," అన్నాను.

"ఇప్పుడా ఆ గొడవ. ఎవరేత్తే ఏవుంది, ఎలిగితే చాలదా," అన్నారు గొంతు తగ్గించి, జనంవైపు నవ్వుతూ.

"ఎవరేసినా ఒకటే అయితే నన్నే వెయ్యనివ్వండి."

ఆయన నవ్వు ఆగింది. ఏం చెయ్యాలో తెలియక వాళ్ళమ్మ వైపు చూశారు. మా అత్తగారు వచ్చి, నా చేతిలోంచి కారేజీ తీసుకున్నారు. చెయ్యి ఖాళీ అయ్యాక నాకు ఇంక అడ్డమేముంది. స్విచ్ నొక్కాను.

వెలిగింది. గోడంత ఆడమనిషి. చేట కిందికి, చేట పైకి, గింజలు గాల్లోకి. మళ్ళీ కిందికి. పాత బల్బులు కనక ఒకటి గట్టిగా, ఒకటి నీరసంగా వెలుగుతుంటే నిజంగానే తవుడు రేగుతున్నట్టు ఉంది. నేను నాలుగడుగులు వెనక్కి వేసి దాని ఎదురుగా నిలబడ్డాను. ఇన్నేళ్ళకి నిలబడ్డాను. ఎంత బాగుందో, నేను ఎంత బాగా కట్టానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. మెచ్చుకోవడానికి ఇంకెవరి కోసమో ఆగాలని అనిపించలేదు.

పేటలోంచి మా అమ్మా, ఆవిడతో మిల్లులో చెరిగినవాళ్ళూ అప్పటికే గోడ ముందుకు చేరారు. అందరూ ముసలివాళ్ళయిపోయారు. అది నేనే అంది ఒకావిడ. నీ మొహం, నువ్వెప్పుడు అంతెత్తు ఎగరేసేవు, అది నేను అంది ఇంకొకావిడ. వాళ్ళలో కనకమ్మత్త అయితే చేట లేకుండానే చేతులు ఆడిస్తూ గోడ పక్కన నిలబడి, ఇప్పుడు చూసి చెప్పండి అంది. జనం విమానాన్ని వదిలేసి ఇటు తోసుకొచ్చారు. ఇదెవరు గీశారయ్యా అని కాశీవిశ్వనాథం గారు అడుగుతుంటే, మా ఆయన, మా ఇంటిదేనండి అన్నారు. 'ఖాళీయే' అని మాత్రం అనలేదు.

మా అమ్మ మాత్రం గోడకేసే చూస్తోంది. చేట లేచినప్పుడల్లా ఆవిడ తల లేస్తోంది. చాలాసేపటికి నా చెయ్యి పట్టుకుంది.

"శానా బావుందే. మరి దీనికి గంట లేదా?"

"ఏం గంటమ్మా?"

"మధ్యాన్నం గంట. దొరైనా, దొర తరవాత వచ్చినోళ్ళైనా మధ్యాన్నం గంట కొట్టించేవోరే. చేట బోర్లించి, కాళ్ళు జాపుకుని కూడు తినేవోళ్ళం. ఇదేంటే, పిచ్చిది, ఆపకుండా చెరుగుతానే ఉంది."

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపు తన్నుకొచ్చింది. ఆ మనిషికి చీర కట్టాను, చేట ఇచ్చాను, నడుం ఇచ్చాను. గంట ఇవ్వాలని నాకు తోచనే లేదు. ఎలా తోస్తుంది, నేనెప్పుడు విన్నాను కనక. పొయ్యి దగ్గరనుంచి అరుగు మీదికి, అరుగు మీదనుంచి పొయ్యి దగ్గరికి, ఇక చాలు, చేట బోర్లించు అని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. నేనూ అనుకోలేదు. కూలికెళ్ళిన మా అమ్మకి ఉన్నపాటి గంట నాకెందుకు లేకపోయిందని మొదటిసారి అడగాలనిపించింది. ఎవర్ని అడగాలో తెలియలేదు. సరే, అడగడం ఎందుకు అనుకున్నాను.

వెళ్ళి స్విచ్ ఆపేశాను. గోడ చీకటైంది. జనం గోలెత్తారు. మా ఆయన పరిగెత్తుకొచ్చారు.

"ఫ్యూజు పోయిందా?"

"లేదండి. అన్నానికి కూచుంది."

ఆయనకి అర్థం కాలేదు. నా మొహంలోకి వంగి చూశారు. "అందరూ చూత్తన్నారే సలోమీ. మళ్ళీ ఎప్పుడేత్తావు?"

"తిన్నాక."

"ఎవరు తిన్నాక?"

"నేను," అన్నాను.

మా అమ్మ మిల్లు మెట్టు మీద కూలబడి కాళ్ళు జాపుకుంది. నేనూ ఆవిడ పక్కన కూర్చుని కాళ్ళు జాపాను. అవతల మెట్టు మీద మా అత్తగారు అప్పటికే కారేజీ మొదటి గిన్నె విప్పి పిల్లలకి కలిపి పెడుతూ, మధ్యమధ్య తనూ ఒక ముద్ద వేసుకుంటున్నారు. మా అమ్మ లేచి కారేజీలోంచి నాకో ఆకులో అన్నం తెచ్చింది. మా ఆయన అలవాటు ప్రకారం నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు. రోజూ నేను కంచం పెట్టేదాకా అలాగే నిలబడతారు. నేను ముద్ద కలుపుకుంటూ తలెత్తాను.

"కారేజీ అత్తయ్యగారి దగ్గరుందండి," అన్నాను. "పెట్టుకు తినండి."